గ్రీష్మసుఖములు – ఛాయాచిత్రములు

ఋతువు లారింటిలో గ్రీష్మమును రమణీయముగా చూపుట మిగుల కష్టము. వసంతమునకు పూవులును, వర్షర్తువునకు మేఘములును, శరత్తునకు వెన్నెలయు సహజాలంకారములై చిత్రకారునకు చేయూత నొసగును. గ్రీష్మమున చూపదగినది యెండ యొక్కటియే. అదియు కన్నెత్తి చూడనీయదు. అయినను కాళిదాసు ఋతుసంహారమును గ్రీష్మముతోనే ప్రారంభించెను. శాకుంతల ప్రస్తావనమున సూత్రధారుడు నటిచేత పాడించినదియు గ్రీష్మమును గూర్చియే. తాపము నడుమ సుఖమును కనుగొనుటయే రసజ్ఞతకు పరీక్ష యని యా మహాకవి తలచెను కాబోలు. నేడా పరీక్షకు కవులు మాత్రమే కూర్చుండుట లేదు. చేతిలో ఫోను గల ప్రతి గృహస్థుడును, గృహిణియు, బడిపిల్లవాడును కూర్చుండుచున్నారు. మామిడిపండ్ల బుట్టను, మల్లెల దండను, తాటిముంజెల దొప్పను, సాయంకాలపు మేడను ఛాయాచిత్రములుగా తీసి బంధుమిత్రులకు పంపని కుటుంబము మన పట్టణములలో అరుదు. ఆ చిత్రముల గుణదోషములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఇంటివారు వినోదమునకై తీసికొను బొమ్మలకు విమర్శ యేల యని కొందరు నవ్వవచ్చును. పూర్వులు వ్రాసికొనిన జాబులును, దినచర్యలును, పెండ్లిపాటలును వినోదములే గదా! వానినుండి కాదా మనము వారి బ్రతుకు నెరుగుచున్నది? మన కాలమునకు ఛాయాచిత్రములే జాబులు, దినచర్యలు. మన మనుమలు మన వేసవులను వానియందే చదువుకొందురు. చిత్రమున నున్నది వారికి నిలుచును. లేనిది లేకయే పోవును. కావున చిత్రమున నేది యున్నది, ఏది లేదు అను ప్రశ్న సౌందర్యమునకే గాక ధర్మమునకును సంబంధించినది.

ఈ విచారణకు హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరుల కంటె తగిన స్థలము నాకు గానరాదు. చెన్నపట్టణమునుండి తెలుగు చలనచిత్ర పరిశ్రమ క్రమక్రమముగా తరలివచ్చి స్థిరపడినది యీ గుట్టలమీదనే. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1976వ సంవత్సరమున నీ పరిసరములనే ప్రారంభమయ్యెను. అంతకుముందు ఇది నల్లరాళ్ళును, ముండ్లపొదలును గల బీడు. కోట్లయేండ్ల నాటి గ్రానైటు బండలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు నిలిచియుండెడివి. నేటికిని వీధి మలుపులయందును, కొన్ని పెద్దయిండ్ల ప్రహరీలలోపలను ఆ బండలు కొన్ని తలలెత్తి చూచుచున్నవి. 1998వ సంవత్సరమున జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము ఈ గుట్టలపాలి యూపిరి. అందు వేసవి యుదయమున నెమళ్ళ కేకలు వినవచ్చును. రేలచెట్లు పసుపుపచ్చని పూగుత్తులను వ్రేలాడవేయును. తురాయి చెట్లు నెత్తురువలె పూయును. దిరిసెన మెత్తని కేసరములను దారిమీద రాల్చును. వేసవిసుఖమును చూడగోరువానికి ఇచట కొరత లేదు.

అయినను ఈ తావును నేనెంచుకొనుటకు కారణము వేఱు. మన తెలుగువారి కండ్లకు చూచుట నేర్పిన పాఠశాల యిదియే. ముఖమును కెమేరాకు ఎట్లు త్రిప్పవలయునో, గాలికి పైట యెట్లెగురవలయునో, నవ్వు ఎంతసేపు నిలువవలయునో మన పిల్లలు చలనచిత్రములను జూచియే నేర్చికొనుచున్నారు. గురువు గొప్పవాడైనప్పుడు శిష్యుడు గురువుగారి విద్యను నేర్వవలయును గాని నడకను గాదు. మనము నేర్చికొన్నది విద్యయా, నడకయా యనునదియే ప్రశ్న.

ముందుగా విద్యను గూర్చి చెప్పెదను. హైదరాబాదు ఉత్తర అక్షాంశము పదునేడు డిగ్రీలకు పైచిలుకు. మే నెల 9వ తేదీ ప్రాంతమున మధ్యాహ్నము సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నిలువుగా నాటిన కఱ్ఱకు నీడ యుండదు. అట్టి వెలుతురున మనుష్యుని చిత్రము తీసినయెడల కనుబొమల నీడ కండ్లమీద పడి గుంటలు పడినట్లుండును, ముక్కుక్రింద నల్లని మచ్చ యేర్పడును, నుదురు తెల్లబారిపోవును. చలనచిత్ర ఛాయాగ్రాహకులు దీనికి ప్రతిక్రియ లెరుగుదురు. నటుని తలపై పలుచని తెల్లబట్టను చట్రమునకు బిగించి పట్టింతురు. ఎండ దానిగుండ వడగట్టబడి మెత్తనగును. క్రిందినుండి వెండిరేకు అంటించిన పలకలతోనో, తెల్లని థర్మోకోల్ పలకలతోనో వెలుతురును ముఖమునకు మరలింతురు. లేదా ఆ రెండు జాములు పని మాని, సూర్యోదయానంతరమునను, సూర్యాస్తమయమునకు ముందును వాలుగా వచ్చు బంగారువన్నె వెలుగును వాడుకొందురు. గృహస్థులును ఈ పాటి తెలిసికొనిన చాలును: మిట్టమధ్యాహ్నము వసారాలోనో, వేపచెట్టు నీడనో తీసిన చిత్రము, నడియెండలో తీసినదానికంటె నూరురెట్లు మేలు.

ఇచట నొక మాట చదువరులు మరువరాదు. ఆ తెల్లబట్టను, ఆ వెండిపలకను గంటల తరబడి యెండలో పట్టుకొని నిలుచువారు కొందరున్నారు. నటుని ముఖమున నీడ లేకుండుటకు వారు తమ నెత్తిపై నీడ లేక నిలుతురు. వారిలో అనేకులు జూబిలీహిల్సునకు దిగువనున్న కృష్ణానగరమున ఇరుకుగదులలో కాపురముండువారు. తెరమీద వారు కనబడరు. కనబడకుండుటయే వారి పని. కాని వారిచేతులనుండి మరలిన వెలుతురు ప్రతి చిత్రమునను గలదు.

తెరమీది మాయను నేను నిందింపను. మాయాబజారు చిత్రమున (1957) ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే కల్పించిన వెన్నెలను ఆంధ్రులు నేటికిని చెప్పుకొనుచున్నారు. అది కథ, అది మాయ యని చూచువానికి తెలియును, చూపువానికిని తెలియును. ఇరువురి సమ్మతితో జరుగు మాయ అసత్యము గాదు. గృహచిత్రము అట్టిది గాదు. అది సాక్ష్యము. 'ఆ యేడు వేసవిలో మే మిట్లుంటిమి' అని చెప్పుటకే దానిని దాచుకొందుము. సాక్షి వేషము వేసికొని న్యాయస్థానమునకు వచ్చినయెడల ఏమగునో, గృహచిత్రము చలనచిత్రమును అనుకరించినయెడల నదియే యగును.

ఆ వేషములలో మొదటిది నిలుచు తీరు. మామిడిపండు తినువాని సుఖము పండు రసము మోచేతివరకు కారుటలో నున్నది. మన చిత్రములలో నెవ్వరును పండు తినరు. చెక్కిలి ప్రక్కన పట్టుకొని నవ్వుదురు. రెండవది మరింత హానికరమైనది. నేటి ఫోనులలో అనేకములు అడుగకయే ముఖపు చాయను తెల్లబరచి, చర్మమును నునుపుచేసి చూపును. ఎండలో ఆడిన పిల్ల యెండకన్నె చిత్రమునుండి తుడిచివేయబడును. ఇది నూతనదోషము గాదు. కొడాక్ సంస్థ రంగుఫిలిమును కడుగు తావులకు వర్ణములను సరిచూచుకొనుటకు పంపిన నమూనా బొమ్మలలో చిరకాలము తెల్లజాతి స్త్రీలే యుండెడివారు; వాటిని షర్లీ కార్డులని పిలిచెడివారు. ఆ కొలతకు సరిపోవని నల్లని ముఖములు చిత్రములలో చీకటిగుంటలైపోయెడివి. అప్పుడు రసాయనము చేసిన పక్షపాతమును ఇప్పుడు యంత్రగణితము చేయుచున్నది. ఆడుపిల్లను 'ఎండలో తిరుగకు, నల్లబడుదువు' అని గదమాయించు ఇండ్లలో ఆ పక్షపాతమునకు వేఱు ప్రోత్సాహ మవసరము లేదు. వేసవి సెలవుల చిత్రమున పిల్ల ముఖము సెలవులకు ముందటికంటె తెల్లగా కానవచ్చినయెడల, ఆ చిత్రము ఆమెకు నేర్పునది యేమి? నీ సుఖము దాచదగినది, నీ చాయ దిద్దదగినది అని కదా!

మూడవ దోషము అన్నిటికంటె సూక్ష్మమైనది. అది చేయుదోషము గాదు, విడుచుదోషము. దానిని తెలియుటకు ఛాయాగ్రహణపు తొలిదినములకు పోవలసియున్నది. 1838వ సంవత్సరమున డాగర్ అను ఫ్రెంచివాడు పారిసు నగరమందలి తన కిటికీనుండి యొక రాజవీధిని చిత్రించెను. పలక మీద బొమ్మ పడుటకు చాలసేపు పట్టెడి కాలమది. వీధిలో బండ్లును, బాటసారులును సందడిగా తిరుగుచుండినను, కదలువా రెవ్వరును చిత్రమున పడలేదు. వీధి నిర్మానుష్యముగ నున్నట్లు కానవచ్చును. ఒక మూలమాత్రము జోళ్ళకు మెరుగు పెట్టించుకొనుచు కాలు మోపి నిలిచిన యొక మనుష్యుడు స్పష్టముగా నిలిచెను. ఛాయాచిత్రమున కెక్కిన తొలి మానవులలో నతడొకడని చరిత్రకారులు చెప్పుదురు. ఆ జోళ్ళను తుడుచుచున్నవాడో, చేతు లాడించుచుండెను గావున మసకగా మిగిలెను. సేవ పొందువాడు స్పష్టము, సేవ చేయువాడు మసక. నాటి పలకకు అది తప్పనిసరి. నేటి కెమేరా క్షణములో సహస్రాంశమున బొమ్మను పట్టగలదు; అయినను మన వేసవి చిత్రములలో ఆ తారతమ్యము పోలేదు. పలకలోని మాంద్యము మన చూపులోనికి దిగినది.

మన నగరమునందే మరియొక యుదాహరణ గలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ (1844–1905) ఈ దేశపు ఛాయాగ్రాహకులలో అగ్రగణ్యుడు. ప్రభువుల వేటలను, విందులను, భవనములను అతడు తీసిన చిత్రములు నేటికిని ఆదర్శములు. ఘోషాస్త్రీలు పరపురుషుని కెమేరా యెదుట కూర్చుండరాదు గావున అతడు 1892వ సంవత్సరమున వారికై ప్రత్యేకముగా నొక స్టూడియోను తెరచి, ఒక ఆంగ్లవనిత యాజమాన్యమున నడిపించెను. స్త్రీ చిత్రమున కెక్కుటకు నాడు ఒక వేఱు గృహమే కావలసివచ్చెను. నేడు ప్రతి స్త్రీ చేతను కెమేరా యున్నది, ఘోషా తొలగినది. అయినను మన యిండ్ల వేసవి చిత్రములను వరుసగా తిరుగవేసి చూడుడు. పిల్లలుందురు, తండ్రి యుండును, అల్లుడుండును, పనసపండు సహితముండును. తల్లి యెచట? కొన్నిట ఆమెయే కెమేరాను పట్టుకొనియున్నది. తక్కినవానిలో ఆమె వంటయింట నున్నది. నాటి తెర గుడ్డది. నేటి తెర పనిది.

ఆవకాయ సంగతినే తీసికొందము. తెలుగు వేసవికి అంతకంటె గొప్ప పండుగ లేదు. మన చిత్రములలో దాని రూపమేమి? వేడియన్నముపై ఎఱ్ఱని ముద్ద, ప్రక్కన నేతిగిన్నె. ఇది ఫలము; క్రియ యేది? పుల్లని గట్టికాయను ఏరుట, కడిగి తడి లేకుండ పొడిబట్టతో తుడుచుట, టెంకతో కూడ కత్తిపీటమీద నొక్క దెబ్బకు చెక్కుట, జీడిని తీసి లోపలి పొరను గీరుట, ఆవపిండిని, కారమును, ఉప్పును పాళ్ళు తప్పక కలుపుట, నూనెలో ముక్కను ముంచి గుండలో పొరలించి జాడీ కెత్తుట, వాసెన గట్టి మూడవనాడు తిరుగగలుపుట — ఇన్ని ఘట్టములు గల నాటకమిది. రైతుబజారులలో పెద్దకత్తులు ముందిడుకొని, కిలోకు ఇంతయని కూలి పుచ్చుకొని కాయలు కొట్టిపెట్టువా రున్నారు. వారి చేతుల లాఘవము ఏ నర్తకి హస్తమునకును తీసిపోదు. కారపు మంట పెట్టుచున్న అరచేతులతో నొసటి చెమటను మోచేతితో తుడుచుకొను గృహిణి యున్నది. ఇంత నాటకమును విడిచి, భరతవాక్యము మాత్రమే చిత్రించుట రసికతయా?

ఇట్టి లోపమును గుర్తించినవాడు మన సాహిత్యముననే యొకడున్నాడు. శాకుంతలము ఆరవయంకమున దుష్యంతుడు విరహియై శకుంతల చిత్రమును వ్రాసికొని చూచుచుండును. ముఖము కుదిరినది, విదూషకుడు మెచ్చుకొనును, చాటుననున్న అప్సరస సహితము ఆశ్చర్యపడును. అయినను రాజునకు తృప్తి లేదు. ఇంకను వ్రాయవలసిన దున్నదనును. ఆమె బ్రతికిన చోటు కావలెనట: మాలినీనదియు, ఇసుకతిన్నెలమీది హంసలజంటయు, కొండచరియలయందలి లేళ్ళును, నారచీరలు వ్రేలాడు చెట్టును. తుదకు ఆమె చెవియందలి దిరిసెనపూవును మరచితినే యని చింతించును. చదువరులారా, ఆ దిరిసెనపూవు గ్రీష్మపుష్పము. మనిషిని చిత్రించుట యనగా ముఖమును చిత్రించుట మాత్రమే గాదు. ఆ మనిషి శ్రమించు తావును, ఆరవేసిన బట్టను, ఆ ఋతువును కూడ చిత్రించుట యని కాళిదాసు తీర్పు. రాజు రత్నహారము నడుగలేదు, నారచీర నడిగెను. మన వేసవి చిత్రములకు నే నడుగునదియు ఆ శేషమునే.

ఇక రసదృష్టితో విచారింతము. వేసవిసుఖములు అనేకములు కంటికి గోచరించునవి గావు. చల్లదనము స్పర్శ, మల్లెవాసన గంధము, తాటిముంజె రుచి. కెమేరాకు కన్నొక్కటియే గలదు. అట్లయిన వానిని పట్టుటెట్లు? మన ఆలంకారికులు దీనికి మార్గము చూపిరి. చెప్పరానిదానిని సూచింపవలయును. కుండలోని నీటి చల్లదనము కుండ వెలుపలి చెమ్మయందును, క్రిందనున్న తడిసిన యిసుకయందును గలదు. మల్లెల పరిమళము దండ గ్రుచ్చు వ్రేళ్ళ తొందరయందు గలదు. మేడమీది రాత్రి సుఖము నీళ్ళు చల్లిన గచ్చునుండి లేచు ఆవిరియందును, చుట్టి పెట్టిన చాపలయందును గలదు. చిత్రమేమనగా, ఈ సూచనలన్నియు ఎవరో ఒకరి పనినుండి పుట్టినవే. కుండను నింపినవా రున్నారు, దండను గ్రుచ్చినవా రున్నారు, గచ్చుపై నీళ్ళు చల్లినవా రున్నారు. కావున పనిని చిత్రమునుండి తొలగించినవాడు న్యాయమును మాత్రమే గాదు, రసమును కూడ తొలగించుకొన్నవాడగుచున్నాడు. నా వాదమునకు ఇదియే కీలకము.

గత సంవత్సరము బడులు తెరచిన పిమ్మట మా తరగతి పిల్లలను వేసవిలో తాము తీసిన చిత్రములలో నొక్కొక్కటి తెమ్మంటిని. సముద్రతీరములు వచ్చినవి, మంచుమిఠాయిలు వచ్చినవి, కొత్తబట్టలు వచ్చినవి. ఒక బాలిక తెచ్చిన చిత్రమున మనుష్యుడే లేడు. తెల్లవారుజామున మేడ, చుట్టబడిన రెండు పరుపులు, ఇంకను చుట్టని చిన్నచాప యొకటి, దానిమీద తాటియాకు విసనకఱ్ఱ. ఇది యేమని యడుగగా, 'అమ్మమ్మ రాత్రంతా నాకు విసరి, తెల్లవారకముందే లేచి క్రిందికి పోయిందండీ. అది అమ్మమ్మ చాప' యని చెప్పినది. ఆ చిత్రము కొంత వంకరగా నున్నది, వెలుతురును చాలదు. కాని తక్కిన చిత్రములన్నియు 'మేము సుఖించితిమి' అని చెప్పుచుండగా, అది యొక్కటియే ఆ సుఖ మెచటనుండి వచ్చెనో చెప్పినది.

చలనచిత్రములయందును ఈ మార్గమున నడచినవి లేకపోలేదు. బి. నర్సింగరావుగారి దాసి (1988) తెలంగాణపు గడీలోని యొక దాసి కథ. ఛాయాగ్రాహకుడు ఎ.కె. బీర్ దానికి జాతీయ పురస్కారము నందెను. దొరగారి విలాసమును చూపు చిత్రములు మనకు కొదువ లేదు. ఆ విలాసమును మోయు చేతులవెంట కెమేరా నడచుట అరుదు. పాటలకై స్విట్జర్లాండు మంచుకొండల కేగిన పరిశ్రమకు తెలంగాణపు గోడలమీది వెలుతురే చాలునని యా చిత్రము నిరూపించినది. ఫిలింనగరునుండి మన గృహస్థులు నేర్వదగిన విద్య యిట్టిది.

ఇట్లనగానే వీధిలోని శ్రామికులను వింతవస్తువులవలె చిత్రించు నుత్సాహము కొందరికి కలుగవచ్చును. జూబిలీహిల్సు రహదారుల ప్రక్కన ముంజెలమ్ము స్త్రీని కారు కిటికీ దించి, బొమ్మ తీసికొని, గాజు నెత్తుకొని పోవువారిని చూచుచున్నాము. ఇది పూర్వపు దోషమునకు కవల. ముందు ఆమె లేకపోయెను. ఇప్పుడు ఆమె యున్నది గాని మనిషిగా లేదు. బండి దిగవలయును, ముంజెలు కొనవలయును, పేరడుగవలయును, బొమ్మ తీయుటకు అనుమతి యడుగవలయును, తీసినదానిని ఆమెకు చూపవలయును. వలదన్నచో మానవలయును. ఆ ముంజెలవెనుక తాటిచెట్టెక్కిన గీతకార్మికు డున్నాడని, మోకు జారిన క్షణమున అతని వేసవి యంతయు ముగియునని మాటలలో తెలియును. తెలిసినపిమ్మట తీసిన చిత్రము వేఱుగ నుండును. చూపులోని గౌరవము చిత్రమునకును దిగును.

చలివేంద్రముల చిత్రము మరియొకటి. ఎఱ్ఱగుడ్డ చుట్టిన కుండలును, తాటాకు పందిరియు చూడ ముచ్చటగొలుపును. కాని ఆ ముచ్చటకు చరిత్ర గలదు. ఒకనాడు కొన్ని కులములవారికి దూరమునుండి దోసిలిలో నీరు పోసెడివారు. పాత్ర తాకనిచ్చెడివారు గారు. ఈ నగరమున భాగ్యరెడ్డివర్మగారు (1888–1939) మొదలగు సంస్కర్తలు పోరాడినది ఆ దూరముతోనే. కావున చలివేంద్రమును చిత్రించువాడు కుండను మాత్రము గాక గ్లాసును చూడవలయును. ఒకే గ్లాసునుండి ఆటోవాడును, వీధు లూడ్చు కార్మికురాలును, బడిపిల్లయు వరుసగా త్రాగుట కనబడినయెడల అంతకంటె సుందరమైన వేసవిచిత్రము లేదు. ఎచటనైన ఆ గ్లాసులు రెండుగా నున్నయెడల, దానిని చూపు చిత్రము అంతకంటె అవసరము.

'వేసవి సెలవులలో నైన మమ్ము సంతోషముగ నుండనిండు. ప్రతి చిత్రమును ధర్మోపన్యాసము గావలయునా?' అని కొందరు ఆక్షేపింతురు. న్యాయమైన ప్రశ్నయే. సంతోషమును నేను వలదనను. ఫ్రాన్సుదేశమున లార్తిగ్ (1894–1986) అను ఛాయాగ్రాహకుడు బాల్యమునుండి తన కుటుంబపు వినోదములనే, గెంతులనే, సముద్రస్నానములనే తీసెను. ఉపదేశ మొక్కటియు లేదు. 1963లో న్యూయార్కున ప్రదర్శింపబడినపుడు లోకము వానిని నెత్తికెత్తుకొన్నది. అతడు ప్రేమించినదానిని శ్రద్ధతో చూచెను. నే నడుగునదియు శ్రద్ధయే. మన ప్రేమకు పాత్రులైనవారిలో వంటయింటి తల్లియు, విసరిన అమ్మమ్మయు లేరా? వారిని చూచుట ధర్మోపన్యాసమైన, ఆ యుపన్యాసము తీయనిదే.

మరియొక సంగతి. వేసవి యందరికిని సుఖకాలము గాదు. 2015వ సంవత్సరపు మే నెల వడగాలులకు తెలుగు రాష్ట్రములు రెంటను కలిసి వేయికి మించిన జనులు మరణించిరి. అందు కూలిపని వారును, వృద్ధులును అధికులు. వేసవి యనగా చల్లని పానీయములును, ఈతకొలనులును మాత్రమే యని మన చిత్రములు చెప్పినయెడల, చదువుకొన్న కుటుంబములకు ఎండ యొక యలంకారముగ తోచును. చూడనిదానికి చింతింపము, చింతింపనిదానికి ప్రతిక్రియ చేయము. మధ్యాహ్నపు వేళ పనివారికి విరామ మీయవలయునని, వారికి నీడయు నీరును వలయునని తోచుటకు ముందు, వారు మన కంటబడవలయును.

దీనివలన పూర్వకాలమును తలచి నిట్టూర్చుటయే సంస్కారమని యెవ్వరును భ్రమపడరాదు. తాటియాకు విసనకఱ్ఱయే కవిత్వము, విద్యుత్తు పంకా కాదు అనువాడు విసరినవారి మణికట్టు నొప్పి నెరుగనివాడు. నాటి మేడమీది వెన్నెల నిద్ర ఎల్లరకును లభింపలేదు. కోడలికి తెల్లవారకముందే పని యుండెను, తలచెడినదానికి మూల గదియే యుండెను. కూలరులో గడ్డి మార్చు తండ్రియు, ఎండలో మేడయెక్కి చల్లనియంత్రమును బాగుచేయు పనివాడును, ఐసుబండి త్రోయు ముసలివాడును నేటి వేసవికి సాక్షులు. వారు చిత్రమున కర్హులు.

కావున చదువరులకు నా మనవి స్వల్పమైనది. రాబోవు వేసవిలో మీ యింట తీయు చిత్రములలో, సుఖించువారిని తీసిన ప్రతిసారియు ఆ సుఖమును సమకూర్చినవారి నొకసారి తీయుడు. పిల్లలచేత కెమేరా నుంచి తల్లిని తీయుమనుడు; ఆమె చేతిలోని గరిటను దించుమనవలదు, జుట్టు సవరించుకొమ్మని తొందరపెట్టవలదు. ముఖపు చాయను మార్చు మీటను ఆపివేయుడు. చిత్రము క్రింద తేదీయు, ఊరును, అందున్న ప్రతివారి పేరును వ్రాయుడు. పనిమనిషి పేరును సహితము వ్రాయుడు. పేరు వ్రాయబోయి తెలియక ఆగినయెడల, ఆ యాగుటయే మొదటి పాఠము: లేచి పోయి అడిగి తెలిసికొనుడు.